ఓర్లాండో ట్రిప్: టిప్పులు, పైఖర్చులు, ఏ ఏర్పాటు ఏ కుటుంబానికి

ఫ్లోరిడాలో డిస్నీ, యూనివర్సల్ పార్కులున్న ఓర్లాండోకి ట్రిప్ అనగానే ఎవరైనా ముందు టికెట్ ధర చూస్తారు, ఆపైన హోటల్ అద్దె చూస్తారు, రెండూ కూడి అదే బడ్జెట్ అనుకుంటారు. తిరిగొచ్చాక కార్డు స్టేట్‌మెంట్ తెరిస్తే లెక్క ఎక్కడో దాటిపోయి ఉంటుంది. పార్కింగ్, క్యూ తప్పించే పాస్, గది మీద పన్ను, కూర్చుని తిన్న ప్రతి భోజనం మీద టిప్... విడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నీ రోజూ పడతాయి, అదీ ఇబ్బంది.

వీటిలో జనం ఎక్కువగా తర్జనభర్జన పడేది టిప్ దగ్గర. 15 శాతం ఇవ్వాలా, 20 ఇవ్వాలా అని బిల్లు ముందు పెట్టుకుని ఆలోచిస్తారు. 240 డాలర్ల భోజనానికి ఆ తేడా 12 డాలర్లు. అదే ఆరుగురి కుటుంబం కౌంటర్ దగ్గర కొనుక్కుని తినడానికీ, టేబుల్ దగ్గర కూర్చుని తినడానికీ తేడా 200 డాలర్ల పైమాటే. కాబట్టి వెయిటర్ దగ్గర కోత పెట్టి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. ఎక్కడ ఉంటాం, ఏ పూట ఎక్కడ తింటాం అన్నది ఇంటి దగ్గర బుక్ చేసేటప్పుడు తేల్చుకోవాలి, అసలు ఖర్చు అక్కడే ఖాయమవుతుంది.

ధరలు ఎక్కడెక్కడ పెరిగాయి

1971లో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు ప్రవేశం 3.50 డాలర్లు, రైడ్లకు కూపన్లు వేరే. అందులోని మొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టికెట్ 2015లో వంద దాటి 105 అయింది. 2018 అక్టోబర్ నుంచి తేదీని బట్టి ధర మారే పద్ధతి వచ్చింది. 2025 క్రిస్మస్ వారానికి అదే టికెట్ 199 డాలర్లకు చేరింది. అదే ఏడాది రద్దీ లేని రోజున అక్కడి జంతువుల పార్కు యానిమల్ కింగ్‌డమ్‌కి 119 ఉంది. ఫ్లోరిడాలో దీనిమీద 6.5 శాతం పన్ను అదనం.

టికెట్ పెరగడం అందరికీ కనిపిస్తుంది. అంతగా కనిపించనిది, ఒకప్పుడు ఉచితంగా ఉన్నవి డబ్బులవ్వడం. క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ 1999 నుంచి ఉచితంగానే నడిచింది. 2021 అక్టోబర్‌లో దాని స్థానంలో మనిషికి రోజుకు 15 డాలర్ల జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులై నుంచి అది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. పార్కునూ రోజునూ బట్టి సుమారు 15 నుంచి 40 డాలర్ల దాకా ఉంటుంది, బాగా డిమాండ్ ఉన్న ఒకటి రెండు రైడ్లకు మళ్లీ వేరే కొనాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీ హోటళ్లకు ఉచితంగా తిరిగిన బస్సు 2022 జనవరి 1తో ఆగిపోయింది. మళ్లీ ఉచితమైంది ఒక్కటే: డిస్నీ సొంత హోటళ్లలో రాత్రి పార్కింగ్ రుసుము 2023 జనవరిలో ఎత్తేశారు.

తేదీ విషయంలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, ఫ్లోరిడా బడులు మే చివరి దాకా నడుస్తాయి. ఆ మధ్య దొరికే మే మొదటి మూడు వారాలు జూన్, జులై కంటే క్యూల పరంగా నయం, ఎండ కూడా కాస్త తక్కువ. అమెరికాలో ఉండి పిల్లల బడి చూసుకోవాల్సిన వాళ్లకు ఈ వీలు లేదు. వాళ్లలో బడులు సెప్టెంబర్‌లో తెరిచే చోట ఉండేవాళ్లకు ఆగస్టు రెండో సగం మిగులుతుంది. ఆగస్టు, సెప్టెంబర్ అంటే తుపాన్ల కాలం, రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన. ఉరుము వినిపిస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు.

ఒకరోజు టికెట్లు విడివిడిగా కొనడం అన్నిటికంటే నష్టం. రోజులు పెరిగేకొద్దీ రోజు ధర తగ్గుతుంది. నాలుగు రోజుల టికెట్‌ని 7 రోజుల్లోపు, అయిదు రోజులది 8 రోజుల్లోపు వాడుకోవాలి. అంటే మధ్యలో రెండు మూడు రోజులు విశ్రాంతి పెట్టుకోవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, పదేళ్లు నిండితే పెద్దల ధరే. పిల్లవాడి పదో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ట్రిప్ దానికంటే ముందే పెట్టుకున్నా లాభమే, ముఖ్యంగా బఫే భోజనాల లెక్కలో.

టిప్: ఎవరికి ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు

పార్కుల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి టిప్ అక్కర్లేదు. రైడ్ దగ్గర ఎక్కించేవాళ్లు, మిక్కీ వేషంలో ఉన్నవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, డిస్నీ బస్సు డ్రైవర్లు, కౌంటర్ దగ్గర ట్రే అందించేవాళ్లు, వీళ్లెవరికీ ఇవ్వనవసరం లేదు. డిస్నీలో టిప్ లేని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు చేతిలో నోటు పెట్టబోతే మర్యాదగా వెనక్కి ఇస్తారు. బలవంతం చేస్తే వాళ్లకే ఇబ్బంది.

ఇవ్వాల్సింది టేబుల్ దగ్గరికి వచ్చి వడ్డించే వెయిటర్‌కి. 18 నుంచి 20 శాతం మామూలు. పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద లెక్కేస్తే చాలు. చేతిలో పెట్టే మెషిన్లలో చాలావాటిలో శాతం పన్ను కలిపిన మొత్తం మీద పడుతుంది. 240 డాలర్ల మీద 20 శాతం 48, పన్ను కలిపిన 255.60 మీద అదే 51.12. పెద్ద తేడా కాదు, అయినా ఆ మూడు డాలర్లు ఎందుకు పెరిగాయో తెలిస్తే మంచిది. కూపనో డిస్కౌంటో వాడితే డిస్కౌంట్‌కి ముందున్న ధర మీద ఇవ్వడం పద్ధతి, వెయిటర్ పని ఏమీ తగ్గలేదు కదా.

ఇంత శాతం ఎందుకు అంటే జీతాల లెక్క అలా ఉంది. దేశం మొత్తానికి వర్తించే చట్టం ప్రకారం టిప్ వచ్చే ఉద్యోగికి గంటకు కనీసం 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది, టిప్‌తో కలిపి 7.25 కాకపోతే మిగతాది యజమాని వేయాలి. 1991 నుంచి ఆ 2.13 మారలేదు. ఫ్లోరిడా కాస్త నయం: 2025 సెప్టెంబర్ 30 నుంచి కనీస వేతనం 14 డాలర్లు, టిప్ వచ్చేవాళ్లకు అందులో 3.02 తగ్గించి 10.98. కాలిఫోర్నియాలో ఈ తగ్గింపే లేదు, వెయిటర్‌కీ పూర్తి కనీస వేతనం ఇవ్వాలి. అక్కడి డిస్నీల్యాండ్‌లో మాత్రం టిప్ తక్కువ ఇవ్వొచ్చా అంటే కుదరదు. ఆనవాయితీ అక్కడా 18 నుంచి 20.

పెద్ద కుటుంబాలు గమనించాల్సింది ఇక్కడ ఉంది. డిస్నీ టేబుల్ రెస్టారెంట్లలో ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది కూర్చుంటే 18 శాతం గ్రాట్యుటీ, అంటే టిప్పే, బిల్లులోనే వేసేస్తారు. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, తాత, నానమ్మ అంటే సరిగ్గా ఆరుగురు. బిల్లులో పన్ను పక్కనే ఆ వరస ఉంటుంది. దాని కింద మళ్లీ టిప్ అని ఖాళీ గీత కనిపిస్తుంది. అది ఇంకా ఇవ్వాలనుకునేవాళ్ల కోసం. చూసుకోకుండా అక్కడ 20 శాతం రాస్తే మొత్తం 38 శాతం ఇచ్చినట్టు. ఆ గీత మీద సున్నా వేసి, మొత్తం దగ్గర పై అంకెనే మళ్లీ రాసి, సంతకం పెట్టి, రెస్టారెంట్ వాళ్ల కాపీ టేబుల్ మీద ఉంచాలి. ఖాళీగా మాత్రం వదలకండి.

2025 జులైలో వచ్చిన చట్టంతో టిప్ ఆదాయంలో ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చింది, 2025 నుంచి 2028 దాకా. దాన్ని చూపి టిప్ తగ్గించేవాళ్లు ఉన్నారు. కానీ అది మనం ఇష్టపడి ఇచ్చిన టిప్‌కే వర్తిస్తుంది. మనం మార్చడానికి వీల్లేకుండా బిల్లులో వేసిన గ్రాట్యుటీకి వర్తించదు. అంటే ఆరుగురి టేబుల్ దగ్గర వెయిటర్‌కి ఈ మినహాయింపు లాభం లేనట్టే.

తెరల సంగతి: కాఫీ కౌంటర్ దగ్గర, డిస్నీ స్ప్రింగ్స్, యూనివర్సల్ సిటీవాక్ అనే షాపింగ్ వీధుల్లో ఐస్‌క్రీమ్ కొన్నప్పుడు టాబ్లెట్ మన వైపు తిప్పి 18, 20, 22 చూపిస్తారు. కింద చిన్న అక్షరాల్లో టిప్ వద్దు అన్న బటన్ కూడా ఉంటుంది. అది నొక్కడానికి మొహమాటపడక్కర్లేదు. మనమే నిలబడి, మనమే తెచ్చుకుని, మనమే చెత్త పడేసే చోట టిప్ ఆనవాయితీ లేదు.

హోటల్ గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు 2 నుంచి 5 డాలర్లు. చివరి రోజున మొత్తం కలిపి పెట్టేకంటే ఏ రోజుకారోజు పెట్టాలి, రోజూ అదే మనిషి రారు. టేబుల్ మీద ఊరికే పడి ఉన్న నోటును వాళ్లు ముట్టుకోరు, ఎవరిదో మర్చిపోయారనుకుంటారు. ఒక కాగితం మీద థాంక్యూ హౌస్‌కీపింగ్ అని రాసి దాని మీద పెడితే తీసుకుంటారు. రోజూ గది ఊడ్చని హోటళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. రాని రోజుకు ఇవ్వక్కర్లేదు.

సామాను గదికి తెచ్చేవాళ్లకు సంచికి 1 నుంచి 2 డాలర్లు, కారు పార్క్ చేసిపెట్టే వాలే మనిషి దాన్ని తిరిగి తెచ్చిచ్చినప్పుడు 2 నుంచి 5, ఊబర్ అయితే యాప్‌లోనే 10 నుంచి 15 శాతం. ఊళ్లో నుంచి అమ్మానాన్నలు వస్తుంటే ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ తోసేవాళ్ల విషయం ముందే చెప్పి పంపండి. ఆ సేవకు ఎయిర్‌లైన్ డబ్బు తీసుకోకూడదు, టిప్ తప్పనిసరీ కాదు. కానీ ఇమిగ్రేషన్, బ్యాగులు, గేటు మారడం అన్నీ దగ్గరుండి దాటించిన మనిషికి 5 నుంచి 10 డాలర్లు ఇవ్వడం పరిపాటి. పెద్దవాళ్ల జేబులో వంద డాలర్ల నోట్లు మాత్రమే ఉంటాయి, అక్కడే చిక్కు. ఒక డాలర్ నోట్లు ఇరవై, అయిదువి పది విడిగా పెట్టి పంపితే సరిపోతుంది. హోటల్ రిసెప్షన్‌లోనూ చిల్లర ఇస్తారు.

ఎక్కడ తినాలి

ఆరుగురి భోజనం రెండు రకాలుగా వేసి చూద్దాం. టేబుల్ రెస్టారెంట్‌లో మెనూ ధరలు కలిపి 240 డాలర్లు అనుకుంటే, పన్ను 15.60, గ్రాట్యుటీ 43.20, మొత్తం 298.80. కౌంటర్ దగ్గర మనిషికి 15 చొప్పున 90, పన్ను 5.85, మొత్తం 95.85. అయిదు రోజులూ రోజుకొక టేబుల్ భోజనం పెట్టుకుంటే ఒక్క గ్రాట్యుటీయే 216 డాలర్లు అవుతుంది.

ఇలాగని టేబుల్ భోజనం మొత్తానికి వద్దనడం సరికాదు. ఒంటిగంట ఎండలో పెద్దవాళ్లకు గంటన్నరసేపు ఏసీలో కూర్చునే చోటు దొరకడం కూడా దాని ధరలో భాగమే. ట్రిప్ మొత్తానికి ఒకటో రెండో పెట్టుకోవడం నయం. 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. వెళ్లలేకపోతే చాలా రెస్టారెంట్లలో రెండు గంటల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు, చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్లు పట్టుకుంటారు.

మిక్కీ లాంటి వేషాలవాళ్లు టేబుల్ దగ్గరికి వచ్చే క్యారెక్టర్ బఫేల విషయంలో శాకాహారులకు గట్టిగా చెప్పాల్సి ఉంది. పెద్దవాళ్లకు 60 డాలర్ల పైన పెట్టి సలాడ్, పండ్లు, పాస్తా తిని లేస్తారు, దానిమీద 18 శాతం అదనం. మిక్కీతో ఫొటో కావాలంటే పార్కులోనే ఉచితంగా క్యూలో దొరుకుతుంది. బఫేనే కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని బోమా మేలు, ఆఫ్రికన్ వంటల్లో పప్పులు, కూరగాయలు, మసాలా ఉంటాయి. అదే లాడ్జ్ రెండో భవనంలోని సనాలో నాన్ లాంటి రొట్టెలు, చట్నీలు, అచార్లతో ఒక బ్రెడ్ సర్వీస్ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే మన నాలుకకు నచ్చుతుంది, బిల్లు తక్కువ గనక టిప్పూ తక్కువే. కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటాయి.

కౌంటర్లలో వెజిటేరియన్ అని మాత్రమే చెబితే గుడ్డు, చీజ్ వాళ్ల దృష్టిలో మాంసాహారం కిందికి రావు. అన్నం కోడి రసంలో వండి ఉండొచ్చు, బీన్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. ఇవి ఉన్నాయా అని పేరు పెట్టి అడగాలి. డిస్నీలో అడిగితే చెఫ్ వచ్చి చెబుతారు, దానికి అదనపు రుసుము లేదు.

భోజనాలకు ముందే డబ్బు కట్టే డిస్నీ డైనింగ్ ప్లాన్ 2024 జనవరి 9 నుంచి మళ్లీ వచ్చింది. ముందే కట్టేశాం కదా అని టిప్ కూడా అందులో ఉందనుకుంటారు, లేదు. టేబుల్ భోజనానికి టిప్ విడిగా చెల్లించాలి. పదేళ్లు దాటిన పిల్లలకు పెద్దల రేటు. మాంసం, స్టేక్, కాక్‌టెయిల్ తీసుకునే కుటుంబానికి గిట్టుబాటు కావచ్చు. శాకాహారులకు, తక్కువ తినే పెద్దవాళ్లకు దాదాపు ఎప్పుడూ నష్టమే.

ఇంటి తిండి తీసుకెళ్లే వీలు పార్కును బట్టి మారుతుంది. డిస్నీలో బయటి తిండి, మద్యం కాని పానీయాలు తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు వద్దు. కూలర్ 24 x 15 x 18 అంగుళాలకు మించకూడదు, విడి ఐసు ముక్కలు పనికిరావు, జెల్ ప్యాకులు వాడాలి. యూనివర్సల్‌లో చిన్న చిరుతిళ్లు, నీళ్ల బాటిళ్లు పర్వాలేదు, మెత్తటి కూలర్ సంచి 8.5 x 6 x 6 అంగుళాలకు మించకూడదు. ఒక టిఫిన్ డబ్బా పట్టే సంచి అంతే. వేడి చేయాల్సిన తిండి ఒప్పుకోరు. వేరే సంస్థ నడిపే సిక్స్ ఫ్లాగ్స్ పార్కుల లాంటి చోట్ల చంటిపిల్లల ఆహారం, ఆరోగ్య కారణాలు తప్ప మిగతావి గేటు దగ్గరే ఆపేస్తారు.

చింతపండు పులిహోర, మెంతి చపాతీలు, వేయించిన పొడి కూర ఫ్లోరిడా ఎండలో మధ్యాహ్నం దాకా బాగుంటాయి. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి ఉండవు. పొద్దున ఎనిమిదికి కట్టిన పెరుగన్నం ఒంటిగంటకు పులిసి పొంగుతుంది, జెల్ ప్యాకు పక్కనే లేకపోతే. తాగడానికి నీళ్ల సీసా కొనక్కర్లేదు, డిస్నీ కౌంటర్లలో అడిగితే గ్లాసుడు ఐసునీళ్లు ఉచితంగా ఇస్తారు.

ఎక్కడ ఉండాలి: డిస్నీ హోటలా, కిస్సిమీ ఇల్లా, యూనివర్సల్ హోటలా

ఆరుగురికి అయిదు రాత్రులు అనుకుందాం. డిస్నీ చవక రకం (వాల్యూ) హోటళ్లలో పాప్ సెంచురీ నయం, అక్కడి నుంచి ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ అనే డిస్నీ పార్కులకు స్కైలైనర్ కేబుల్ కారు ఉంది. మామూలు గదిలో నలుగురే, కాబట్టి రెండు గదులు. గది 180 చొప్పున రోజుకు 360, ఆరెంజ్ కౌంటీ పన్ను 12.5 శాతం కలిపితే 405, అయిదు రాత్రులకు 2,025. పార్కులకు బస్సు ఉచితం, కారు ఉన్నా పార్కింగ్ ఉచితం, రోజూ అరగంట ముందు లోపలికి పంపిస్తారు, లైట్నింగ్ లేన్ ఏడు రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు. బయట ఉన్నవాళ్లకు మూడు రోజుల ముందే తెరుచుకుంటుంది. ఎయిర్‌పోర్ట్ రవాణా విడిగా చూసుకోవాలి. వాల్యూ రకంలోనే ఆల్ స్టార్ అనే హోటళ్లు మాత్రం ఆసియోలా కౌంటీలో ఉన్నాయి, పన్ను 13.5 శాతం.

డిస్నీ పక్క ఊరు కిస్సిమీలో వంటిల్లు ఉన్న అద్దె ఇల్లు రాత్రికి 200 అనుకుంటే 1,000, క్లీనింగ్ ఫీజు 150, రెండిటి మీదా 13.5 శాతం పన్ను 155.25. ఇక్కడి దాకా 1,305.25, చాలా చవగ్గా కనిపిస్తుంది. అయితే కారు లేకుండా అక్కడ గడవదు. ఆరుగురికి మినీవ్యాన్ ఆరు రోజులకు రోజు 80 చొప్పున 480, పార్కుల్లో పార్కింగ్ రోజుకు 30 అనుకుంటే 150. మొత్తం 1,935.25, పెట్రోలు, టోలు కాక. చూశారుగా, రెండు మొత్తాలూ ఇంచుమించు ఒక్కచోటికే వచ్చాయి. ఇల్లు నిజంగా లాభమయ్యేది వంటింట్లో. పొద్దున ఇడ్లీ ఉప్మా, రాత్రి పప్పన్నం ఇంట్లోనే అయితే రోజుకు రెండు పూటల బిల్లు పోతుంది, టిప్ లేదు, గది ఊడ్చేవాళ్లకు ఇచ్చేదీ లేదు. సెలవులో కూడా పొయ్యి దగ్గర నిలబడేది ఎవరన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆ జవాబు మొహమాటంతో వచ్చిందైతే డిస్నీ హోటలే తీసుకోండి.

టోలు రోడ్ల దగ్గర ఒక అనవసర ఖర్చు తప్పించుకోవచ్చు. కార్లు అద్దెకిచ్చే కంపెనీలు టోలుతో పాటు రోజువారీ సేవా రుసుము వేస్తాయి. ఓర్లాండో ఎయిర్‌పోర్ట్‌లో విజిటర్ టోల్ పాస్ అనే ట్యాగ్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్ యాప్‌లో ముందే నమోదు చేసుకుని, అక్కడ తీసుకుని అద్దానికి వేలాడదీసి, వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లోనే పెట్టెలో వేసి వెళ్లాలి. టోలు డబ్బులు మాత్రమే కార్డు మీద పడతాయి.

2025 మే 12 నుంచి అమలైన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం హోటళ్లు, అద్దె ఇళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపే ధర చూపించాలి. రిసార్ట్ ఫీజు చివరి పేజీలో బయటపడే బాధ తగ్గింది. పన్ను మాత్రం ఇప్పటికీ ఆఖర్లోనే కలుస్తుంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌తో పోల్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అనహైమ్ హోటళ్ల మీద పన్నులు కలిపి 17 శాతం. అక్కడ ప్రవేశ టికెట్ మీద మాత్రం సేల్స్ ట్యాక్స్ లేదు.

యూనివర్సల్ లెక్క వేరు, పెద్ద పిల్లలున్నవాళ్లు తప్పక చూడాలి. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు హోటళ్లలో దిగితే గదిలో ఉన్న అందరికీ క్యూ తప్పించే అన్‌లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ పాస్ ఉచితం. దిగిన రోజూ, ఖాళీ చేసిన రోజూ రెండూ లెక్కే. ఎక్స్‌ప్రెస్ విడిగా కొంటే రోజుకు మనిషికి 180 అనుకుందాం: నలుగురికి రెండు రోజులకు 1,440. అదే హోటల్ గది ఒక రాత్రికి 550, పన్నుతో 618.75, దానికి హోటల్ పార్కింగ్. గది తయారవ్వకపోయినా పొద్దున్నే వెళ్లి చెక్ ఇన్ చేసి, సామాను అక్కడ వదిలి, పాస్‌తో నేరుగా పార్కుకు వెళ్లొచ్చు. ఒక్క రాత్రే అక్కడ, మిగతా రాత్రులు చవక హోటల్‌లో అన్నది నలుగురున్న కుటుంబానికి అన్నిటికంటే బాగా కుదిరే ఏర్పాటు.

మెలిక ఏమిటంటే ఈ పాస్ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ రెండిటికే. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కి పనిచేయదు. పిల్లలు కొత్త పార్కు కోసమే వస్తుంటే ఆ హోటల్ మీద పెట్టిన డబ్బు ఆ రోజుకు ఉపయోగపడదు. ఎత్తు చాలని చిన్నపిల్లలున్న ఇంటికీ ఎక్స్‌ప్రెస్ దండగే, ఎక్కలేని రైడ్ల క్యూ తప్పించి లాభమేముంది.

పెద్దవాళ్ల టికెట్లు

తాత, నానమ్మ ఏ రైడూ ఎక్కకపోయినా డిస్నీలో పూర్తి టికెట్ కొనాలి. అయిదు రోజులూ వాళ్లకు కొనడం మంచి నిర్ణయం కాదు. రెండు రోజులకు కొనండి, మ్యాజిక్ కింగ్‌డమ్ ఒకటి, యానిమల్ కింగ్‌డమ్ సఫారీ కోసం ఇంకొకటి. రెండు రోజుల టికెట్‌కి నాలుగు రోజుల గడువు ఉంటుంది గనక మధ్యలో ఆగొచ్చు. మిగతా రోజుల్లో స్కైలైనర్, మోనోరైల్ ఎక్కి తిరగడానికి టికెట్ అక్కర్లేదు, డిస్నీ స్ప్రింగ్స్‌లో ప్రవేశం, పార్కింగ్ రెండూ ఉచితం. పార్కులో వీల్‌చెయిర్ అద్దె రోజుకు సుమారు 12 డాలర్లు. రోజుకు ఎనిమిది పది కిలోమీటర్ల నడక ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి రోజు నుంచే తీసుకోవాలి. వీల్‌చెయిర్ ఉంది కదా అని క్యూ తప్పదు.

చంటిపిల్ల ఉన్నవాళ్లు పాస్ కొనే ముందు రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పిల్లతో బయట ఆగితే, రెండోవాళ్లు దిగాక మళ్లీ పూర్తి క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. దీనికి డబ్బు లేదు.

ఓర్లాండో కాకుండా

న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ గంట దూరంలోపే. అక్కడ ఒకరోజు టికెట్ గేటు దగ్గర కొనకండి, ఆన్‌లైన్‌లో తక్కువ. రెండుసార్లు వెళ్తామనుకుంటే సీజన్ పాస్ చూడాలి, పార్కింగ్ కలిసి ఉన్న పాస్ అయితే ఇంకా మేలు. బయటి తిండి లేదు గనక భోజనం బయట కారు దగ్గర ముగించుకోవడమే. ఇలాంటి చాలా పార్కుల్లో నోట్లు తీసుకోవడం మానేశారు, కార్డు ఉండాలి.

పెన్సిల్వేనియా ఎలిస్‌బర్గ్‌లో కనోబెల్స్ (Knoebels) అనే పార్కు ఉంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, ఎక్కిన రైడుకే డబ్బు. ఊరికే చెట్ల నీడన కూర్చుని మనవల్ని చూసుకునే పెద్దవాళ్లకు పైసా ఖర్చు లేదు. మూడు తరాలు కలిసి వెళ్లే ఇంటికి ఇంతకంటే న్యాయమైన లెక్క ఇంకోచోట దొరకదు. ఇండియానా రాష్ట్రం సాంటా క్లాజ్ ఊళ్లోని హాలిడే వరల్డ్‌లో కూల్‌డ్రింకులు, సన్‌స్క్రీన్, పార్కింగ్ అన్నీ టికెట్‌లోనే.

ఎవరికి ఏది

ఆరేళ్లలోపు పిల్లలు, కారు నడపడం ఇష్టం లేనివాళ్లు: డిస్నీ వాల్యూ హోటల్, రోజూ కౌంటర్ భోజనం, ట్రిప్‌కి ఒక్క టేబుల్ భోజనం. లైట్నింగ్ లేన్ పాస్ మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకు మాత్రమే కొనండి. శాకాహారం, మూడు తరాలు, ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది: కిస్సిమీ ఇల్లు, పులిహోర డబ్బాలు, పెద్దవాళ్లకు రెండు రోజుల టికెట్. పది దాటిన పిల్లలున్న నలుగురు: యూనివర్సల్‌లో ఒక రాత్రి, రెండు రోజులు. ఇండియా నుంచి మొదటిసారి వచ్చి అమెరికా అంతా చుట్టేవాళ్లు ఓర్లాండోకి మూడు రోజులకు మించి ఇవ్వకపోవడం మంచిది. నాలుగో రోజుకి పిల్లలకు ఉత్సాహం ఉన్నా పెద్దల కాళ్లు సహకరించవు.

ఇండియా కార్డులతో ఖర్చు పెట్టేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. చాలా కార్డులకు విదేశీ లావాదేవీ మీద 3.5 శాతం దాకా రుసుము ఉంటుంది, అది టిప్ మీద కూడా పడుతుంది. రెస్టారెంట్‌లో కార్డు గీకగానే ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో టిప్ లేని మొత్తం ఉంటుంది. మనం రాసిన టిప్ కలిపిన అసలు మొత్తం రెండు మూడు రోజుల తర్వాత పడుతుంది. రెండుసార్లు పట్టుకున్నారని బ్యాంకుకి ఫోన్ చేసే ముందు, మన దగ్గరున్న కస్టమర్ కాపీ మీద రాసుకున్న అంకెతో సరిపోల్చండి. ఆ కాపీలో టిప్ రాసుకోవడం మర్చిపోతే సరిపోల్చడానికి ఏమీ ఉండదు, అందుకే సంతకం పెట్టేటప్పుడు రెండు కాపీల మీదా రాయాలి.